ఎవరూ చేయని ఎనిమిది ఫోన్లు

ఆవిడని ల్యాబులో అందరూ రిపోర్టులక్క అంటారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనబడదు. కొత్తగా వచ్చిన పేషెంట్లు ఎవరైనా "మేడం" అని పిలిస్తే, పిలిచింది నన్నేనా అన్నట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటుంది.

రక్తపరీక్షల ల్యాబు అది. రెండంతస్తుల మేడలో కింది వాటా. ముందు గదిలో గోడవారగా పన్నెండు కుర్చీలు, ఎదురుగా కౌంటరు, కౌంటరు వెనక ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, వాటి మధ్య రిపోర్టులక్క. వెనక గదిలో మిషన్లు, వాటి దగ్గర టెక్నీషియను. పై అంతస్తులో డాక్టరమ్మ గది. రక్తం తీసేది, మిషన్లో పెట్టేది టెక్నీషియను. అంకెలు చూసి సంతకం చేసేది డాక్టరమ్మ. ఆ కాగితం అచ్చు తీసి, మడిచి, కవర్లో పెట్టి, ఎవరిది వాళ్ళ చేతికిచ్చేది రిపోర్టులక్క.

ఇరవై ఏళ్ళ కిందట ఆ ల్యాబులో టైపు మిషను ఉండేది. అప్పుడు చేరింది. పేరులో ఒక్క అక్షరం తేడా పడ్డా కాగితం చింపేసి మళ్ళీ మొదటినుంచి కొట్టేది. ఒకరి రిపోర్టు ఇంకొకరి చేతికి వెళ్ళిందన్న మాట ఈ ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా రాలేదు. వాళ్ళాయన కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. "మా ఆయన అద్దంలో గీత ఉండకూడదు, నా కాగితంలో తప్పుండకూడదు. ఎవరి పిచ్చి వాళ్ళది" అని నవ్వేది. నవ్వినా, ఆ మాటలో కాస్త గర్వం ఉందని వినేవాళ్ళకి తెలిసేది.

ఆ గర్వానికి ఒకరోజు చిన్న దెబ్బ తగిలింది. కౌంటరు ముందు ఏడెనిమిదిమంది నిలబడి ఉండగా, ఆవిడ కంప్యూటరు తెరమీద ఉన్నట్టుండి రంగురంగుల బొమ్మ ఒకటి ఊడిపడింది. ఇల్లెగిరిపోయే మోత. "మీకు కారు వచ్చింది! వెంటనే ఇక్కడ నొక్కండి!" అని ఆడగొంతు ఒకటి అరవడం మొదలుపెట్టింది. ఆవిడ దాన్ని మూస్తే ఇంకొకటి, అది మూస్తే మరొకటి.

"అక్కా, కారొచ్చిందట కదా, పోతూపోతూ మమ్మల్ని కూడా దింపెయ్యి" అన్నాడు క్యూలో ఒకాయన. అందరూ ఒకటే నవ్వు. మెట్లమీంచి డాక్టరమ్మ తొంగిచూసి, "ఇది ల్యాబా, సంతా?" అంది. రిపోర్టులక్కకి తల కొట్టేసినట్టయింది.

ఆ మధ్యాహ్నమే తను స్వయంగా ఫోను చేసి కంప్యూటరు రిపేరు చేసేవాణ్ణి పిలిపించింది. అతను వచ్చి, అడ్డమైన చెత్తంతా తీసేసి, బ్రౌజరుకి ఒక సెక్యూరిటీ ఎక్స్‌టెన్షన్ తగిలించాడు. తెర పైన కుడిమూలలో చిన్న డాలు బొమ్మ వచ్చి కూర్చుంది.

"ఇక మీరు రమ్మనకుండా ఒక్క విండో వచ్చిందంటే నా పేరు మార్చుకుంటాను" అన్నాడతను.

అన్నట్టుగానే ఒక్కటీ రాలేదు. రోజూ పొద్దున కుర్చీలో కూర్చోగానే ఆ డాలు బొమ్మని చూస్తే ఆవిడకి ప్రాణం హాయిగా ఉండేది. అలా పంతొమ్మిది రోజులు గడిచాయి.

ఇరవయ్యో రోజు మంగళవారం. పొద్దున పదకొండు కావస్తోంది. రిపోర్టుల కోసం తొమ్మిదిమంది కూర్చుని ఉన్నారు. ఆవిడ ప్రింట్ అని నొక్కుతుంది, ఏమీ రాదు. మళ్ళీ నొక్కుతుంది, ఉలుకూ పలుకూ లేదు. ప్రింటరు చూస్తే బాగానే ఉంది. కాగితాలున్నాయి. ఒకావిడ గడియారం చూసుకుంటోంది. ఇక లాభం లేదని ల్యాబు సాఫ్ట్‌వేరు వాళ్ళ సహాయం నంబరుకి ఫోను చేసింది. అవతల ఒక అమ్మాయి ఎత్తింది.

"నిన్న ప్రింటు పేజీ మార్చామండీ. ఇప్పుడది వేరే విండోలో తెరుచుకుంటుంది. మీ బ్రౌజర్లో ఏదైనా సెక్యూరిటీ ఎక్స్‌టెన్షన్ ఉందా?"

"ఉందమ్మా. డాలు బొమ్మ."

"అదే అడ్డుపడుతోంది. ఓసారి దాన్ని ఆపెయ్యండి. ఆ బొమ్మ నొక్కితే నీలంరంగు బటను కనిపిస్తుంది. దాన్ని పక్కకి జరిపి, పేజీ మళ్ళీ తెరవండి."

"ఆపితే ఏం కాదు కదా? మళ్ళీ ఆ కార్లూ గీర్లూ..."

"మా పేజీ ఒక్కదానికే కదండీ, ఏం కాదు."

రిపోర్టులక్క బటను పక్కకి జరిపింది. నీలం పోయి బూడిదరంగు వచ్చింది. పేజీ మళ్ళీ తెరిచింది.

తెర మధ్యలో టక్కున ఎర్ర అంచు విండో ఒకటి వచ్చింది. దానిమీద ఇంకొకటి. దాని పక్కన మరొకటి. ఆవిడ చెయ్యి మౌసు మీద ఉన్నది ఉన్నట్టే ఆగిపోయింది. నాలుగు. అయిదు. చూస్తూండగానే తెరంతా ఎర్రబడింది.

చూశావా, కాపలా తీయగానే ఎలా చొరబడ్డారో అనుకుంది ముందు. వెంటనే బటను మళ్ళీ నీలంలోకి జరిపేసింది. కొత్తవి రావడం ఆగింది కానీ, వచ్చినవి మాత్రం పోలేదు. మూసేద్దామని మొదటిదాని మీదికి బాణం గుర్తు తీసుకెళ్ళింది. అందులో ఉన్న పేషెంటు నంబరు చూసింది.

ఆ నంబరు వాళ్ళ ల్యాబుది. తన చేత్తో తనే వేసిన నంబరు.

"హలో మేడం, ప్రింటు వచ్చిందా?" అంటోంది ఫోన్లో అమ్మాయి. రిపోర్టులక్క జవాబు చెప్పకుండా ఫోను కింద పెట్టేసింది.

ఆ ఎర్ర విండోలు ఏమిటో ఆ ల్యాబులో ఆవిడ కంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. పరీక్షలో ప్రాణం మీదికొచ్చే అంకె ఏదైనా వస్తే సాఫ్ట్‌వేరు కౌంటరు కంప్యూటరుకి ఆ విండో పంపిస్తుంది. పేషెంటు డాక్టరుకి గానీ, ఇంటికి గానీ వెంటనే ఫోను చెయ్యమంటుంది. ఎన్నింటికి చేశావు, అవతల ఎవరు ఎత్తారు అని అడుగుతుంది. ఆ రెండూ రాస్తే తప్ప పోదు. మామూలుగా రెండు మూడు రోజులకి ఒకటి వస్తుంది. వచ్చిన క్షణం ఆవిడ చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి ఫోను అందుకుంటుంది. ఆ ఫోన్ల వివరాలు రాసుకోవడానికి సొరుగులో ఒక ఎర్ర అట్ట పుస్తకం కూడా పెట్టుకుంది.

సొరుగు లాగింది. పుస్తకం తీసింది. ఆఖరి ఫోను రాసుకున్న తారీకు చూసింది. కంప్యూటరాయన డాలు బొమ్మ పెట్టి వెళ్ళడానికి ముందు రోజు. ఆ తర్వాత అంతా తెల్లకాగితం. మొన్ననే ఒకసారి ఆ పుస్తకం చేతికి తగిలి, "ఈ మధ్య అందరూ బాగానే ఉంటున్నారు, మంచిదే" అని తనలో తను అనుకున్న సంగతి గుర్తొచ్చింది.

బటను మళ్ళీ బూడిదలోకి జరిపింది. మిగతావి కూడా వచ్చాయి. లెక్కపెట్టింది. ఎనిమిది.

ఆ క్షణంలో ఆవిడ మనసులో ఒక ఆలోచన వచ్చిన మాట నిజం. తర్వాత వాళ్ళాయనతో తనే చెప్పింది. ఎనిమిదింట్లోనూ ఏదో ఒక టైము, ఏదో ఒక పేరు రాసేస్తే అవి పోతాయి. ఎవరికీ తెలియదు. ఎదురుగా తొమ్మిదిమంది తమ రిపోర్టుల కోసం ఆవిడ ముఖంలోకే చూస్తున్నారు. చూపుడువేలు కీబోర్డు మీద ఆగింది. ఎంతసేపో కాదు, రెండు ఊపిర్లు తీసేంత సేపు. ఆ తర్వాత లేచి, కుర్చీ వెనక్కి పడినా పట్టించుకోకుండా, వెనక గదిలోకి పరిగెత్తింది.

"తమ్ముడూ, ఒక్కసారి రా."

"ఉండక్కా, శాంపిలు పెట్టేసి..."

"ఇప్పుడే రా!"

ఆవిడ గొంతు అలా ఎప్పుడూ వినలేదతను. చేతి తొడుగులతోనే వచ్చాడు. తెర చూశాడు. ఒక్కొక్క తారీకూ చదివాడు. ముఖం పాలిపోయింది.

"ఇవన్నీ... ఇవన్నీ నా మిషన్లో ఎర్రగా వచ్చినవే కదక్కా. నేను చూశాను. నువ్వు ఫోన్లు చేసేస్తున్నావనుకున్నా."

"నాకు రాలేదు."

"ఒక్కటీ రాలేదా?"

"ఒక్కటీ రాలేదు. నేనే రానివ్వలేదు." డాలు బొమ్మ చూపించింది.

టెక్నీషియను తొడుగులు ఊడబీకి చెత్తబుట్టలో వేశాడు. "పైన డాక్టరమ్మ ఇంకా రాలేదు. వచ్చేలోపు నలుగురికి నేను చేస్తా, నలుగురికి నువ్వు చెయ్యి. మొదలుపెట్టు" అన్నాడు. కూర్చున్న వాళ్ళతో, రిపోర్టులు కాస్త ఆలస్యమవుతాయండీ అని చెప్పాడు. ఎవరో విసుక్కున్నారు. ఇద్దరికీ వినబడలేదు.

ఆవిడ అన్నిటికంటే పైనున్న విండోతో మొదలుపెట్టింది. మూడు రోజుల కిందటిది. హిమోగ్లోబిన్ నాలుగు పాయింట్ ఒకటి. పన్నెండు ఉండాల్సిన చోట నాలుగు. పేషెంటు ముప్ఫై రెండేళ్ళ ఆడమనిషి. ఇచ్చిన నంబరుకి చేస్తే మోగి మోగి ఆగిపోయింది. రిపోర్టు ఎవరు తీసుకెళ్ళారో చూద్దామని కంప్యూటర్లో వెతికింది. ఎవరూ తీసుకెళ్ళలేదు.

కౌంటరు మీద, ఆవిడ కుడిమోచేతి దగ్గర, తీసుకెళ్ళని కవర్లు పెట్టే చెక్కపెట్టె ఉంటుంది. అందులో పైనుంచి మూడోది ఆ కవరు. మూడు రోజులుగా తను మోచెయ్యి ఆనించుకుని పనిచేస్తున్నది దాని పక్కనే.

కవరు మీద ఇంటి చిరునామా బదులు పనిచేసే చోటు రాసి ఉంది. రెండు వీధుల అవతల డ్రైక్లీనింగ్ దుకాణం. చెప్పులు కాళ్ళకి ఎక్కాయో లేదో కూడా చూసుకోకుండా బయటికి నడిచింది. నడక కాస్తా పరుగైంది. నలభై ఏడేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులున్న మనిషి, ఎండలో అలా పరిగెత్తుతుంటే పళ్ళ దుకాణం ముసలాయన "ఏమైందమ్మా?" అని లేచి నిలబడ్డాడు.

దుకాణంలో ఆవిరి, సబ్బు వాసన. వెనకవైపు బల్ల దగ్గర ఒక మనిషి ఇస్త్రీ చేస్తోంది. పెట్టె ఒక చేత్తో ఎత్తలేక రెండు చేతులతో తోస్తోంది. రెండుసార్లు తోయడం, ఆగి బల్ల పట్టుకోవడం, ఊపిరి తీసుకోవడం. పెదాలు చొక్కా కాలరంత తెల్లగా ఉన్నాయి. రిపోర్టులక్క గడప దగ్గరే ఆగింది. కాగితం మీద నాలుగు పాయింట్ ఒకటి అంటే ఇలా ఉంటుందని ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదు.

"అమ్మా, ముందు ఆ పెట్టె అక్కడ పెట్టు. కూర్చో."

"ఎవరండీ మీరు? ఓ, ల్యాబులో... రిపోర్టు కదూ. రేపొస్తానండీ, ఇవాళ ఇంకా పదహారు చొక్కాలున్నాయి. ఊరికే నీరసమండీ, పిల్లలతో నిద్రుండదు."

"నీరసం కాదు. నీ ఒంట్లో రక్తం లేదు. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి."

ఆ అమ్మాయి అర్థం కానట్టు చూసింది. తర్వాత కొంచెం నవ్వింది. "దీనికి ఇంతదూరం మీరే రావాలా? ఒక ఫోను చేస్తే సరిపోయేది కదండీ."

రిపోర్టులక్కని చెంప మీద కొట్టినా అంత దెబ్బ తగిలేది కాదు. "చెయ్యాల్సిందేనమ్మా. మూడు రోజుల కిందటే చెయ్యాల్సింది" అంది.

దుకాణం యజమాని మొదట నసిగాడు గానీ, కాగితం చూపించి "మీ దుకాణంలో పడిపోతే ఏం చేస్తారు?" అనేసరికి బట్టలు చేరవేసే వ్యాను తాళాలు తీశాడు. వెనక సీట్లో ఇద్దరూ కూర్చున్నారు. పైన వేలాడే కోట్లు, చీరలు మలుపు తిరిగినప్పుడల్లా ముఖానికి తగులుతుంటే, ఆ అమ్మాయి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. మంచులా చల్లగా ఉంది. ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు కనురెప్ప కిందికి లాగి చూసి, "ఈవిడ నడిచొచ్చిందా?" అన్నాడు. ఆ గొంతులో ఆశ్చర్యం విని రిపోర్టులక్క గోడకి ఆనుకుంది. పది నిమిషాల్లో మంచమెక్కించారు. అరగంటలో మొదటి రక్తం సీసా తగిలించారు. ఆ అమ్మాయి చెల్లెలు వచ్చేదాకా ఉండి, ఆవిడ మళ్ళీ ల్యాబుకి నడిచింది.

అప్పటికి టెక్నీషియను ఆరు ఫోన్లు పూర్తి చేశాడు. నలుగురు రిపోర్టు తీసుకున్న రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళారు, మందులు వాడుతున్నారు. ఒకాయన వారం నుంచి ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఇంకొకటి శాంపిలు చెడిపోయి వచ్చిన తప్పు అంకె, అదేరోజు మళ్ళీ పరీక్ష చేస్తే బాగానే ఉంది.

"ఇంకొక్కటే ఉందక్కా" అన్నాడు. "ఎంతసేపు చేసినా ఎంగేజి వస్తోంది."

అన్నిటికంటే కిందున్న విండో. అన్నిటికంటే పాతది. ఐదు దాటకూడని పొటాషియం ఏడు దాటింది. అరవై ఎనిమిదేళ్ళ ఆయన. వృత్తి అన్నచోట డ్రాయింగు మాస్టారు, రిటైర్డు అని ఉంది. గుండె ఏ నిమిషమైనా ఆగిపోయే అంకె అని టెక్నీషియను చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. ఆ వివరాలు కంప్యూటర్లో ఎక్కించింది ఆవిడే. ఆ మాస్టారి ముఖం గుర్తుతెచ్చుకోవాలని కళ్ళు మూసుకుంది. ఎంత ప్రయత్నించినా రాలేదు.

ఈసారి ఫోను కలిసింది. పెద్దావిడ గొంతు.

"ల్యాబునుంచి మాట్లాడుతున్నానండీ. మాస్టారుగారితో మాట్లాడాలి."

"ఆయన లేరమ్మా."

"ఎప్పుడొస్తారండీ? కొంచెం అర్జెంటు."

అవతల కుర్చీ జరిపిన చప్పుడు.

"ఆయన పోయి పద్దెనిమిది రోజులైందమ్మా. మీ దగ్గర పరీక్ష చేయించుకున్న మర్నాడు తెల్లవారుజామున. నిద్రలోనే."

రిపోర్టులక్క ఏం జవాబు చెప్పిందో ఆవిడకే తెలియదు. టెక్నీషియను చెప్పడం ఏమిటంటే, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, అవతల పెట్టేసిన తర్వాత కూడా "ఆఁ, ఆఁ" అంటూనే ఉందట. అతనే చేతిలోంచి ఫోను తీసి పెట్టాడట.

డాక్టరమ్మ రెండింటికి వచ్చింది. ఇద్దరూ మెట్లెక్కి ఆవిడ గదికి వెళ్ళారు. టెక్నీషియను "కంప్యూటరాయన ఏదో పెట్టాడండీ..." అని మొదలుపెట్టబోయాడు.

"పెట్టించింది నేనండీ" అంది రిపోర్టులక్క. "పెట్టిన తర్వాత హెచ్చరికలు వస్తున్నాయో లేదో చూసుకోనిది కూడా నేనే." మొత్తం చెప్పింది.

డాక్టరమ్మ అరుస్తుందనుకున్నారు. అరవలేదు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. ఆ మాస్టారి రిపోర్టు తన కంప్యూటర్లో తెరిచింది. అడుగున డాక్టరమ్మ సంతకం ఉంది. ఏడు అంకె పక్కన, ప్రమాదమని చెప్పే నక్షత్రం గుర్తు ఉంది.

"ఇది నేను చూశానమ్మా" అంది నెమ్మదిగా. "కింద ఫోను వెళ్ళే ఉంటుందిలే అనుకుని సంతకం పెట్టాను. వాడు నువ్వు చేస్తావనుకున్నాడు. నేను మీరు చేశారనుకున్నాను. ముగ్గురం ముగ్గురే."

ఆ మాట వింటే మనసు తేలికపడాలి. రిపోర్టులక్కకి ఇంకా భయమేసింది. ఇంతమంది చూసిన అంకె ఒక్క మనిషికి చేరలేదు!

మర్నాడు డాక్టరమ్మ, రిపోర్టులక్క కలిసి మాస్టారి ఇంటికి వెళ్ళారు. మూడో అంతస్తు. చిన్న హాలు. కిటికీ దగ్గర బల్లమీద కడిగి ఆరబెట్టిన కుంచెలు. మాస్టారి భార్య కుర్చీలు చూపించింది. డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు.

పెద్దావిడ అడిగింది. "అంటే ఆ సాయంత్రమే తెలిసుంటే?"

"ఆసుపత్రిలో చేర్చేవాళ్ళు. దానికి మందులున్నాయి. బతికేవారని చెప్పలేనమ్మా. బతికేవారు కాదని కూడా చెప్పలేను."

"రిపోర్టు తెచ్చుకుని సొరుగులో పెట్టారు. డాక్టరుగారు గురువారం రమ్మన్నారు, అప్పుడు చూపిద్దాం అన్నారు. ఆ పూట చేతులు బరువుగా ఉన్నాయన్నారు. అన్నం వద్దన్నారు. నేనే, పడుకోండి, పొద్దున చూద్దాం అన్నాను." ఆవిడ తన అరచేతుల వంక చూసుకుంది. "ఇన్నాళ్ళూ నేను పడుకోమనబట్టే పోయారనుకుంటున్నాను."

రిపోర్టులక్క కుర్చీలోంచి లేచింది. ఏం చెయ్యాలో తెలియలేదు. కాళ్ళమీద పడాలనిపించింది. పెద్దావిడ ఆవిడ వంక చూసి, "కౌంటరు దగ్గర ఉండేది నువ్వేనా అమ్మా?" అంది.

"నేనేనండీ."

"ఇంటికొచ్చి నీ గురించి చెప్పారు. ఆ అమ్మాయి నా పేరు రెండుసార్లు అడిగి రాసుకుంది, ఒక్క అక్షరం తప్పు పోకూడదని. ఇలాంటివాళ్ళుంటే బాగుండును అన్నారు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. జరిగింది చెప్పింది అంతే. పెద్దావిడ లేచి తలుపు తీసింది. "ఇక వెళ్ళిరండి. చెప్పినందుకు..." అని ఆపేసింది. తలుపు గట్టిగా వెయ్యలేదు. చప్పుడు కాకుండా వేసింది. ఆ మెట్లన్నీ ఎలా దిగిందో రిపోర్టులక్కకి గుర్తులేదు.

ఆ సాయంత్రం ఇంట్లో వాళ్ళాయన కంచం పెట్టి పిలిస్తే వచ్చి కూర్చుంది గానీ ముద్ద ముట్టలేదు. అంతా చెప్పింది. పేర్లు రాసి దాచేద్దామనిపించిన ఆ రెండు ఊపిర్ల సంగతి కూడా చెప్పింది. ఆయన మాటకారి కాదు. చాలాసేపు విని, "దాచలేదు కదా" అన్నాడు.

"దాచలేదండీ. కానీ అనిపించిందే!"

ఆయన కంచం తీసి లోపల పెట్టాడు.

తర్వాతి సంగతులు చప్పచప్పగా జరిగాయి. మాస్టారి బావమరిది రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. ఆరోగ్యశాఖ నుంచి ఇద్దరు వచ్చి ముగ్గురినీ విడివిడిగా అడిగారు. రిపోర్టులక్క ఏమీ దాచుకోకుండా చెప్పి, రాసింది చదివి సంతకం పెట్టింది. ల్యాబు ఎనిమిది రోజులు మూతపడింది. మళ్ళీ తెరిచినా ఆరు నెలలు నిఘా అన్నారు. సాఫ్ట్‌వేరు వాళ్ళు హెచ్చరికని విండోలో కాకుండా పేజీ మధ్యలోనే వచ్చేలా మార్చి, కౌంటరు, మిషన్ల గది, డాక్టరమ్మ గది, మూడు చోట్లా ఒకేసారి మోగేలా పెట్టారు.

తెరిచిన రోజు రిపోర్టులక్క రాజీనామా కాగితం పట్టుకుని పైకి వెళ్ళింది. డాక్టరమ్మ చదివి వెనక్కిచ్చేసింది.

"నువ్వు పోతే ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? ఇలా జరుగుతుందని తెలియని మనిషి. నాకు అది తెలిసిన మనిషి కావాలి."

"నాకు ఆ తెర చూస్తే భయమేస్తోందండీ."

"వెయ్యనీ. భయమున్న మనిషే కావాలి."

ఆవిడ ఉండిపోయింది. అప్పటినుంచి తలుపులు తీయకముందే టెక్నీషియను చేత ఉత్తుత్తి పేషెంటు పేరుతో ఒక చెడ్డ అంకె వేయిస్తుంది. తన తెరమీద ఎర్ర హెచ్చరిక వచ్చి, మోత మోగితేనే బయటి తలుపు గడియ తీస్తుంది. మొదట్లో టెక్నీషియను, "రోజూ ఎందుకక్కా, వారానికోసారి చాలదా?" అన్నాడు. ఆవిడ సొరుగులోంచి ఎర్ర అట్ట పుస్తకం తీసి, ఏమీ రాయని పేజీ చూపించింది. అతను మళ్ళీ అడగలేదు.

రెండు నెలల తర్వాత ఇస్త్రీ అమ్మాయి మళ్ళీ పరీక్షకి వచ్చింది. మనిషిని పోల్చుకోవడమే కష్టమైంది. బుగ్గల్లో రంగు వచ్చింది, గొంతులో సత్తువ వచ్చింది. కడుపులో పుండునుంచి నెలల తరబడి రక్తం పోతూ ఉండేదట, అది నయం చేశారట. కౌంటరు ముందు నిలబడి, కూర్చున్న వాళ్ళందరికీ వినబడేలా చెప్పేసింది. "ఈ అక్క ఎండలో పరిగెత్తుకొచ్చి నన్ను బతికించిందండీ! ఈ రోజుల్లో ఎవరు చేస్తారు?"

కుర్చీల్లోంచి మెచ్చుకోళ్ళు మొదలయ్యాయి. రిపోర్టులక్కకి ముఖం మాడిపోయింది. లేచి నిలబడింది.

"అలా అనకమ్మా. నేను బతికించలేదు. మూడు రోజులు ఆలస్యం చేశాను. నీ కాగితం నా మోచేతి కిందే ఉంది."

ఇస్త్రీ అమ్మాయి కళ్ళార్పకుండా చూసింది. ఆ మూడు రోజుల సంగతి ఆమె ఎన్నడూ ఆలోచించుకోలేదు. ఇప్పుడు ఆలోచిస్తున్నట్టు కనబడింది. పిల్లలు గుర్తొచ్చారేమో, ఒక్క క్షణం ముఖం గట్టిపడింది కూడా. ఆ తర్వాత చేతిలో డాక్టరు చీటీ కౌంటరు మీద పెట్టింది.

"ఇది ఎప్పటికి వస్తుందక్కా?" అంది.

"సాయంత్రానికి."

రక్తమిచ్చి వెళ్ళిపోయింది. సాయంత్రం ఐదింటికి అంకె వచ్చింది. పది పాయింట్ ఎనిమిది. ఎర్ర హెచ్చరిక రాలేదు. రావాల్సిన పనీ లేదు. రిపోర్టు అచ్చు తీసి, మడిచి, కవర్లో పెట్టింది. చెక్కపెట్టెలో పెట్టబోయి ఆగింది. ఫోను అందుకుంది.

"ల్యాబునుంచమ్మా. నీ రిపోర్టు వచ్చింది. పది పాయింట్ ఎనిమిది."

అవతల ఆవిరి చప్పుడు. "అంటే ఏంటక్కా?"

"అంటే పెరిగింది. ఇంకా పెరగాలి. మందులు మానకు."

"సరేనక్కా. కవరు రేపు తీసుకుంటా."

"వద్దు. ఇంటికెళ్ళే దారే కదా, నేనే తెచ్చిస్తా" అని, కవరు సంచిలో పెట్టుకుని లేచింది.